బలరాం తన్నులు తిన్న విశ్వకర్మ పూజ

బలరాం కుడిచేతి దెబ్బకి రైలు ఆగిపోయిందని చరోదా రైల్వే యార్డులో చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. ఆగింది రైలు కాదు, గూడ్సు బండి. అదీ షంటింగులో ఉండగా. డ్రైవరు చెంప మీద పడిన దెబ్బ అదురుకి బ్రేకు దానంతట అదే పడింది, అంతే. మిగతా వాళ్ళు పెంచి చెబుతారు. ఇక్కడ మాత్రం ఉన్నది ఉన్నట్టే.

మనిషి చూస్తే అయిదడుగుల నాలుగంగుళాలు. వాళ్ళ నాన్న పాలకొండ వైపు నుంచి, భిలాయ్ స్టీల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో తట్ట మోయడానికి వచ్చి క్యాంప్ 2 అనే కూలీల బస్తీలో రేకుల ఇల్లు వేసుకున్నాడు. బలరాం ఆ ఇంట్లోనే పుట్టాడు. పుట్టగానే మంత్రసాని వేలు కొరికాడట. పళ్ళు లేకుండా ఎలా కొరికాడని అడిగేవాళ్ళు ఆ మంత్రసాని వేలి మీద గాటు చూడని వాళ్ళే.

ఎనిమిదో తరగతి దాకా బడికి వెళ్ళాడు. సైన్సు చెప్పే గురుమూర్తి మాస్టారికి రెండే పద్ధతులు. పిల్లాడికి అర్థమైతే ఒక దెబ్బ, కాకపోతే రెండు. ఒకరోజు ఆయన "నీళ్ళు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయిరా?" అని అడిగారు. "ఏ పొయ్యి మీదండీ?" అన్నాడు బలరాం. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. బొగ్గుల కుంపటి మీద వాళ్ళమ్మ పెట్టే ఎసరు ఒక్కో రోజు ఒక్కో తీరుగా మరిగేది మరి. మాస్టారు స్కేలు విరిగేదాకా కొట్టారు. స్కేలు విరిగాక చేత్తో కొట్టారు. చెయ్యి నొప్పెట్టి ఆగేసరికి బలరాం స్టూలు ఎత్తాడు. స్టూలు మూడు ముక్కలైంది, మాస్టారి ముందరి పళ్ళు రెండు బల్లకింద దొరికాయి. బలరాం చదువు ఆ పూటతో సమాప్తం. సైన్సంటే మంట మాత్రం మిగిలింది.

పదహారో ఏట ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ప్రైవేటు ఫౌండ్రీలో చేరాడు. పాత ఇనప తుక్కుని కరెంటు బట్టీలో కరిగించి, ఇసుక అచ్చుల్లో పోసి, గూడ్సు వేగన్ల కింద బిగించే ఉక్కు ముక్కలు తయారు చేస్తారక్కడ. ఊడ్చే పనితో మొదలుపెట్టి ఇరవయ్యేళ్ళలో బట్టీకి మిస్త్రీ అయ్యాడు. అందరూ ఉస్తాద్ అనేవారు. అనని వాళ్ళ చేత అనిపించేవాడు.

నీలి అద్దం కంటికి అడ్డం పెట్టుకుని కరిగిన ఉక్కు రంగు చూసి వేడి లెక్కగట్టి, పక్కకి ఉమ్మేసి, "పదారొందల ఇరవై" అనేవాడు. పోసేయమంటే పోసేయడమే. అతని దగ్గర పని నేర్చుకున్నవాళ్ళ ఒళ్ళు చూస్తే ఎవరు ఏ సంవత్సరం చేరారో చెప్పొచ్చు. మొదటి ఏడాది వీపు, రెండో ఏడాది చెవి. రాజేశ్ అనే కుర్రాడి ముక్కు రెండుసార్లు విరగ్గొట్టాడు. రెండుసార్లూ తడి తుక్కు బట్టీలో వెయ్యబోయినందుకే. తడి ఇనుము కరిగిన ఉక్కులో పడితే నిప్పులు చిమ్ముతుందని బలరాంకి ఏ పుస్తకమూ చెప్పలేదు. ముంజేతుల మీద మచ్చలు చెప్పాయి. ఆ రాజేశ్ ఇప్పుడు ముప్ఫయ్యేళ్ళవాడై, బట్టీ దగ్గర క్రేనుకి చేతి సైగలిచ్చే పనిలో ఉన్నాడు. ఉస్తాద్ ఎప్పుడు దిగిపోతాడా, ఆ నీలి అద్దం తన చేతికెప్పుడొస్తుందా అని వంకర ముక్కుతో ఎదురుచూస్తుంటాడు.

ఇలాంటి మనిషికి అమ్ము పుట్టింది. ఒక్కతే కూతురు. అది సైన్సు చదువుతానంది.

"ఇంకేటీ దొరకనేదేటి నీకు?" అని బలరాం అన్నం కంచం గోడకేసి కొట్టాడు.

"కుర్సీలో కూకుని సేసే ఉజ్జోగం వొస్తాదట," అంది భార్య వరలక్ష్మమ్మ, గోడ మీద పప్పు తుడుస్తూ.

కుర్చీ అనేసరికి మెత్తబడ్డాడు. కాలేజీ గేటు దగ్గర ఎవడో అమ్ముని ఏడిపిస్తే, వాడి మోటార్‌సైకిల్ని చేతుల్తో రెండు ముక్కలు చేశాడని క్యాంప్ 2లో అంటారు. రెండు కాదు. హ్యాండిలు, చక్రం, మిగతాది, మొత్తం మూడు. అమ్ము కెమిస్ట్రీలో డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగం వెతుక్కుంటే దొరికింది ఎక్కడనుకున్నారు? నాన్న పనిచేసే ఫౌండ్రీ ల్యాబులోనే.

చేరిన వారానికే అమ్ము కరిగిన ఉక్కులో ముంచి వేడి కొలిచే పొడుగు కడ్డీ పట్టుకుని బట్టీ దగ్గరికి వచ్చింది. అప్పుడే ఉస్తాద్ ఉమ్మేసి "పదారొందల ఇరవై" అన్నాడు. కడ్డీ చివర్న మీటరు పదహారు వందల నాలుగు చూపించింది. ఎవడో కిసుక్కుమన్నాడు. బలరాం ముందు వాణ్ణి కొట్టి, తర్వాత కడ్డీని మోకాలి మీద విరిచాడు. రెండో కడ్డీ పదిరోజులు బతికింది, మూడోది నాలుగు. ల్యాబు రిజిస్టర్‌లో పాడైన సామాన్ల పేజీలో అమ్ము "విరిచినవారు: మా నాన్న" అని మూడుసార్లు గుండ్రంగా రాసింది. ఇంట్లో మాత్రం అతని కంచంలో అన్నం తనే వడ్డించేది, ఏమీ జరగనట్టు.

"నీ మిషను గొప్పా, నా కన్ను గొప్పా?" అని గద్దించేవాడు.

"నీ కన్ను గొప్పదే నాన్నా. పన్నెండు గంటలు మంట చూశాక అలిసిపోతుంది. మిషన్‌కి థకావట్ ఉండదు కదా."

ఆ మాటకి ఒకసారి గడప మీద గుద్దాడు. గడప పగిలింది. కొత్త గడప ఇప్పటికీ పెట్టించలేదు.

ఇక విశ్వకర్మ పూజ సంగతి. భిలాయ్‌లో ఏ షెడ్డు చూసినా సెప్టెంబరులో ఆ రోజు పనిముట్లకి బొట్లు, మిషన్లకి దండలు. ఈ ఫౌండ్రీలో ఇంకో ఆచారం కూడా ఉంది. ఇత్తడి కలశంలో నీళ్ళు పోసి, మీద కొబ్బరికాయ కూర్చి, ఎర్రగుడ్డతో గట్టిగా కట్టి, ఆ ఏడు మొదటి తుక్కుతో కలిపి బట్టీకి నైవేద్యంగా పెడతారు. పెట్టే హక్కు మిస్త్రీది. పద్దెనిమిదేళ్ళుగా అది బలరాం చేతి మీదుగానే జరుగుతోంది, ఒక్క నిప్పురవ్వ ఎగరలేదు. తడి తుక్కు వేసిన వాడి ముక్కు విరగ్గొట్టే మనిషి, లీటరు నీళ్ళు తన చేత్తో భక్తిగా బట్టీలో పెడుతున్నానని ఒక్కనాడూ అనుకోలేదు. అతని లెక్కలో అవి నీళ్ళు కావు. దేవుడి కలశం.

ఎగరకపోవడానికి కారణం ఉంది. ఏటా పూజ ముందు రోజు బట్టీ ఆర్పేసి, ఖాళీ చేసి, చల్లార్చేవారు. ఈసారి వేగన్ల ఆర్డరు తొందర. యజమాని రమాకాంత్‌కి ఇంజనీరింగులో బంగారు పతకం ఉంది. ఆఫీసులో గోడకి, లక్ష్మీదేవి పటం పక్కనే వేలాడుతుంటుంది. ఆయన "బట్టీ ఆర్పొద్దు. అడుగున మూడోవంతు కరిగిన ఉక్కు ఉంచండి. పూజ అవగానే పని మొదలెడదాం" అన్నాడు. అలాగే ఉంచారు. పూజా ఆగలేదు, బట్టీ ఆగలేదు.

ఉదయం పదింటికి బలరాం తలస్నానం చేసి, పసుపు బనీను వేసుకుని, కలశాన్ని క్రేను బకెట్ అడుగున పెట్టాడు. దాని మీద టన్ను తుక్కు నింపారు. ఆ బకెట్‌కి అడుగు తలుపు రెండు రెక్కలు. వాటిని కలిపి తాడుతో కట్టేస్తారు. బకెట్‌ని బట్టీ నోటి మీదికి తెచ్చి వేలాడదీస్తే, కింది వేడికి రెండు మూడు నిమిషాల్లో తాడు మాడి తెగుతుంది, తుక్కు లోపలికి పడుతుంది. తాడు లాగే మనిషి అక్కర్లేదు.

బట్టీ చుట్టూ ఎత్తుగా ఇనప ప్లాట్‌ఫాం. ఆ రోజు దాని మీద పదిహేనుమంది. పంతులు, రమాకాంత్, సైగలిచ్చే రాజేశ్, మిగతా పనివాళ్ళు. పూజ పందిరి మాత్రం షెడ్డు ఆ చివర, అచ్చుల ఇసుక గుట్టల అవతల.

బకెట్ లేవబోతుండగా అమ్ము ల్యాబులోంచి వచ్చింది. బకెట్‌నీ, బట్టీ నోట్లో ఎర్రగా ఊగుతున్న వెలుతురునీ చూసి మెట్ల దగ్గరే ఆగిపోయింది.

"నాన్నా, కలశం ఎక్కడ?"

"అడుగునెట్టేను. ఏటి?"

"లోపల ఉక్కు కరిగి ఉంది! సార్, ఆపండి! తీయించండి, తుక్కంతా దింపించండి! అది పేలుతుంది!"

పూజలో పేలుతుందన్న మాట. అందరి ఎదటా. ఉస్తాద్ చేత్తో పెట్టిన కలశం గురించి. పంతులు మంత్రం మింగేశాడు. రాజేశ్ వంకర ముక్కు కింద నవ్వాడు. ఆ నవ్వు బలరాం కంటపడింది.

కొట్టాడు. గూడ్సు బండి ఆపిన చేత్తోనే, కన్నకూతుర్ని. అమ్ము మెట్ల రెయిలింగుకి కొట్టుకుని కింద పడింది. పెదవి చిట్లి నెత్తురు అతని బనీను మీద చిందింది, పసుపు మీద ఎరుపు. బకెట్ లేచింది.

అమ్ము ఏడవలేదు. లేచి, నెత్తురు ఉమ్మేసి, నాన్న ముందు నిలబడింది.

"ఆ కలశంలో ఎన్ని నీళ్ళు పోశావు?"

"లీటరుంతాది," అన్నాడు, ఎందుకు జవాబిస్తున్నాడో తెలియకుండానే.

"లీటరు నీళ్ళు ఆవిరైతే పదహారు వందల లీటర్లు, నాన్నా. నూనె డ్రమ్ములు చూస్తావు కదా, రెండొందల లీటర్లవి? ఎనిమిది డ్రమ్ములు. చల్లటి బట్టీలో అయితే మెల్లమెల్లగా ఆ గుడ్డలోంచి పోయేది, ఇన్నేళ్ళూ అలాగే పోయింది. ఇవాళ టన్ను తుక్కు దాన్ని ఉక్కులోకి తొక్కేస్తుంది. ఎనిమిది డ్రమ్ములు, కన్ను మూసి తెరిచేలోగా, ఆ గోతిలో. పైన ఉక్కు. ఎటు పోతాయి చెప్పు?"

గురుమూర్తి మాస్టారు ఏ స్కేలుతోనూ ఎక్కించలేనిది ఎనిమిది డ్రమ్ములు ఎక్కించాయి. డ్రమ్ము ఎంతుంటుందో బలరాంకి తెలుసు. చిన్నప్పుడు ఎత్తాడు, దొర్లించాడు, ఒకసారి ఒకడి మీదికి విసిరాడు. బట్టీ నోరెంతో కూడా తెలుసు. రెండూ కళ్ళముందు పక్కపక్కన నిలబడ్డాయి. తడి తుక్కు చిమ్మిన నిప్పులు, ముంజేతి మచ్చలు, అన్నీ ఒక్కసారి ఆ కలశం వైపు తిరిగాయి.

"ఓలమ్మో," అన్నాడు.

మెట్లెక్కి వెళ్ళేసరికి బకెట్ బట్టీ నోటి మీద ఆగి వేలాడుతోంది. తాడు నుంచి పొగ.

"రాజేశూ! ఎనక్కి తిప్పమను! సెయ్యూపు, బేగి!"

క్రేను నడిపే జగ్గయ్య ఎక్కడో పై క్యాబిన్‌లో ఉంటాడు. ఆ మోతలో అతనికి మాట వినపడదు. సైగలిచ్చేవాడి చెయ్యి ఒక్కటే చూస్తాడు, అదే నియమం. రాజేశ్ చేతులు కట్టుకున్నాడు.

"క్యా హువా ఉస్తాద్? డర్ గయే క్యా? బిటియా చెప్తే భయమేసిందా?"

బలరాం తనే తల మీద రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. అదే సమయానికి పంతులు జై అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్ళు చేతులెత్తారు. జగ్గయ్యకి అన్నీ ఒక్కలాగే కనపడ్డాయి.

"సేటూ, దిగిపోండి! అందరూ దిగిపోండి!"

"బలరాం, తమాషా చెయ్యకు. ముహూర్తం," అన్నాడు రమాకాంత్, చెయ్యి గడియారం చూసుకుంటూ.

ఒకణ్ణి పట్టి మెట్ల మీదికి తోశాడు. వాడు తిట్టుకుంటూ మళ్ళీ ఎక్కాడు. ఇద్దర్ని పట్టాడు, నలుగురు అతన్ని పట్టుకున్నారు. తాడు ఒక పేట తెగి వేలాడింది. పదిహేనుమందిని ఒక్కడు మోసుకుని దిగడం కథల్లో జరుగుతుంది. బలరాం కథల్లో కూడా జరగదు.

అప్పుడు బలరాం తనకి బాగా వచ్చిన పని చేశాడు. జనానికి కోపం తెప్పించే పని. అందులో అతన్ని మించినవాడు దుర్గ్ జిల్లాలో లేడు.

విదిలించుకుని మెట్లు దూకాడు. అమ్ముని చంకలో ఇరికించుకుని ఇసుక గుట్టల వెనక్కి విసిరేశాడు. తిన్నగా పూజ పందిరికి పోయి, విశ్వకర్మ పటం పెట్టిన పీటని ఎగిరి తన్నాడు. పటం అద్దం భళ్ళున పగిలింది. లడ్డూలు దొర్లాయి. దీపం బోర్లాపడింది. పగిలిన పటం చేత్తో ఎత్తి పట్టుకుని, ప్లాట్‌ఫాం వైపు తిరిగి అరిచాడు. అరిచిన మాటలు ఇక్కడ రాయకూడదు. వాళ్ళ తల్లుల గురించి కొన్ని, రాజేశ్ ముక్కు గురించి ఒకటి, చివర్న "మగోడైతే దిగి రండ్రా!" అని.

దిగారు. పదిహేనుమందీ. ముందు పంతులు, చేతిలో గంటతో. వెనక రాజేశ్, బట్టీ కలిపే ఇనప కడ్డీతో. రమాకాంత్ బంగారు పతకం సంగతి మర్చిపోయి బెల్టు విప్పుకుంటూ వచ్చాడు. క్యాబిన్‌లోంచి పటం పగలడం చూసిన జగ్గయ్య, మోకాళ్ళ నొప్పులున్న అరవయ్యేళ్ళ మనిషి, నిచ్చెన దిగి చెప్పు చేత పట్టుకుని కుంటుతూ పరుగెత్తుకొచ్చాడు. "పాపిష్టోడా, దేవుణ్ణే తంతావేట్రా!"

కొట్టారు. అబ్బో, ఎలా కొట్టారు! గంటతో నుదుటి మీద, కడ్డీతో పక్కటెముకల మీద, బెల్టుతో మెడ మీద. ఏళ్ళ తరబడి వాళ్ళ వీపుల మీదా చెవుల మీదా దాచుకున్నదంతా ఆ రోజు తిరిగి ఇచ్చేశారు. బలరాం ఎదురు కొట్టలేదు. జీవితంలో అదొక్కసారే. రాజేశ్ రెండు కాళ్ళూ చేతులతో చుట్టి పట్టుకుని, వాణ్ణి కిందపడేసి వాడి మీద పడుకున్నాడు. వదిలితే ముహూర్తమని మళ్ళీ పైకి పోతాడని భయం. కొడుతున్నవాళ్ళకి అతను లోపల ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు పెదాలు కదలడం కనిపించింది. ఒకటి నుంచి ఎనిమిది దాకా, మళ్ళీ ఒకటి నుంచి.

తాడు తెగింది.

మోత మొదట చెవిలోకి రాలేదు, కడుపులోకి వచ్చింది. నేల తన్నింది. షెడ్డు పైకప్పు రేకులు పేకముక్కల్లా లేచాయి. బట్టీ నోట్లోంచి ఉక్కు స్తంభంలా నిలబడి, పైన దూలాన్ని తాకి గొడుగులా విచ్చుకుని, ప్లాట్‌ఫాం అంతా వానలా కురిసింది. తెల్లటి వాన. పదిహేనుమంది నిలబడ్డ చోట బూటు అచ్చులు కూడా మిగల్లేదు. రెయిలింగు మైనంలా వంగి కారింది. ఇసుక గుట్టలు దాటి వచ్చిన రవ్వలు బలరాం వీపు మీద పడ్డాయి. వీపు కింద రాజేశ్ ఉన్నాడు. ఒక రేకు రిసాలిలో ఎవరి డాబా మీదో పడిందని చెప్పేవాళ్ళున్నారు. అంత దూరం పోలేదు. రెండో గేటు దగ్గర పాన్ ఠేలా బండి మీద పడింది.

కాసేపటికి పంతులు చేతిలోంచి గంట జారి ఠంగుమంది. దానితో అందరికీ చెవులు పనిచేస్తున్నాయని తెలిసింది. అమ్ము ఇసుకలోంచి లేచి ఒక్కొక్కర్నీ వేలు పెట్టి లెక్కపెట్టింది. పదిహేను. జగ్గయ్యతో పదహారు. కింద పడున్న నాన్నతో పదిహేడు.

ఆసుపత్రిలో బలరాంకి నడుము నుంచి మెడ దాకా, కుడిచేతికి మణికట్టు దాకా కట్లు వేశారు. విరిగిన ఎముకలు నాలుగు, అన్నీ మనుషులు విరిచినవే. బట్టీ పాపం వీపు మాత్రమే కాల్చింది. క్యాంప్ 2 అప్పటికే రెండుగా చీలిపోయింది. నీళ్ళ వల్ల పేలిందని కొందరు, దేవుణ్ణి తన్నినందుకు పేలిందని ఎక్కువమంది. చాయ్ ఠేలాల దగ్గర ఈ వాదన మీద రెండు తలలు పగిలాయి.

నాలుగో రోజు రాజేశ్ వచ్చాడు. మంచం దగ్గర నిలబడి అన్నాడు, "ప్రాణం నిలబెట్టావు ఉస్తాద్, కాదనను. లేకిన్ సచ్ బోలూ, నిజం చెప్పనా? నువ్వు తన్నకపోతే అది పేలేదే కాదు."

బలరాం కుడిచెయ్యి దుప్పటి కింద కదిలి, కట్ల దగ్గర ఆగిపోయింది. అమ్ము కుర్చీలోంచి లేవకుండానే అంది.

"ఠీక్ హై రాజేశ్ భయ్యా. అయితే చూసేద్దాం. వచ్చే ఏడు పూజకి బట్టీలో ఉక్కు ఉంచి, ఇలాగే కలశం వేద్దాం. ఎవరూ ఏ పటాన్నీ తన్నరు. నాన్నని ఇంట్లో కట్టేస్తాను. నువ్వు ప్లాట్‌ఫాం మీద, అదే చోట నిలబడు."

రాజేశ్ ముక్కు తడుముకున్నాడు. కిటికీలోంచి బయటికి చూశాడు.

"నేను రాను దీదీ."

"ఎందుకని? తన్నేవాళ్ళు లేరు కదా."

"పిల్లలున్నారు నాకు," అని, తెచ్చిన ఆపిల్ పళ్ళ సంచి మంచం మీద పడేసి గబగబా వెళ్ళిపోయాడు.

బలరాం నవ్వాడు. నాలుగు ఎముకలూ ఒక్కసారి కలుక్కుమనేసరికి నవ్వు మధ్యలో మూలిగాడు. అమ్ము నీళ్ళ గ్లాసు నోటికి అందించింది. ఆమె చెంప మీద వాపు నీలం నుంచి పసుపుకి తిరుగుతోంది. అది చూసి అతను గ్లాసు నుంచి మొహం తిప్పుకున్నాడు.

"నొప్పెడతందేటే?"

"ఆఁ. నొప్పిగానే ఉంది."

ఆమె తగ్గిపోతుందనీ అనలేదు, పరవాలేదనీ అనలేదు. బలరాం గొంతు సవరించుకున్నాడు.

"ఇంకెప్పుడూ నీ మీద సెయ్యెత్తనే, అమ్మూ."

అమ్ము కట్ల వైపు చూసింది, భుజం నుంచి మణికట్టు దాకా.

"ఇప్పుడు ఎత్తలేవు నాన్నా," అంది. "కట్లు విప్పాక చెప్పు. అప్పుడు చూసి నమ్ముతాను."